బావి ఎక్కడ తవ్వాలో మా నాయన్ని కూడా అడగండి

బెంగళూరులో అపార్ట్‌మెంట్ సంఘాలు నడిపే తెలుగువాళ్ళకు, నీళ్ళ పనులు చూసే ఇంజినీర్లకు, అధికారులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మేం సర్జాపుర రోడ్డు పక్కన ఉండే మన్ను వడ్డోళ్ళం. బావులు తవ్వడం మా పని. మా నాయన, ఇద్దరు చిన్నాయనలు, వాళ్ళ కొడుకులు కలిసి ఒక జట్టు. మా అమ్మ పైన నిలబడి మోకు లాగుతుంది. నేను బీకాం చదివాను కాబట్టి కొటేషన్లు రాయడం, ఫోన్లు ఎత్తడం, రాని బాకీల కోసం తిరగడం నా వంతు. మూడో పనికే ఎక్కువ టైం పోతుంది.

బావుల పని గురించి రెండేళ్ళలో మూడు అర్జీలు ఇచ్చాం, మూడూ కన్నడంలోనే. రెండింటి మీద రసీదు ముద్ర పడింది, జవాబు రాలేదు. మూడోది తీసుకున్నాయన "ఇది మా సెక్షన్ కాదమ్మా" అని పక్క గదికి పంపాడు. పక్క గదిలో భోజనాల టైం. ఏ ఆఫీసో చెప్పను. ఒకరి పేరు చెబితే మిగతావాళ్ళంతా మాకేం సంబంధం అనుకుంటారు.

ఈ నాలుగోది తెలుగులో రాయడానికి కారణం ఉంది. మేం పనిచేసే అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ ఎక్కితే సగం మాటలు తెలుగే వినబడతాయి. బావి తవ్వాలా, బోరు వేయాలా, టాంకర్ పిలవాలా అని సంతకం పెట్టే కమిటీల్లో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. మా ఇంట్లోనూ తెలుగే. కన్నడం కలిసిన తెలుగు, మీరు విని నవ్వుకునే తెలుగు. రాయడం మాత్రం మదనపల్లె దగ్గర మా అవ్వ ఊర్లో పదో తరగతి దాకా చదివి నేర్చుకున్నాను. ఇక్కడ మమ్మల్ని భోవి అంటారు, ఎస్సీల్లో రాస్తారు. చింతామణి దాటి ఆంధ్రాలో అడుగు పెడితే వడ్డెర, బీసీ. బస్సు దిగేలోపు జాబితా మారిపోతుంది, సంచిలో గునపం మాత్రం అదే.

2024 మార్చి మీకూ గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం చెప్పిన లెక్కే, సుమారు 14 వేల సర్కారు బోర్లలో దాదాపు 6,900 ఎండిపోయాయి. తన ఇంటి బోరు కూడా ఎండిందని ఉపముఖ్యమంత్రి డి.కె. శివకుమారే చెప్పారు. తాగే నీళ్ళతో కారు కడిగితే 5 వేల రూపాయల జరిమానా అన్నారు. టాంకర్ల వాళ్ళు నోటికొచ్చిన రేటు చెబుతుంటే, ఐదు కిలోమీటర్ల లోపల 12 వేల లీటర్లకు వెయ్యి రూపాయలని కట్టడి చేశారు. ఆ నెలంతా నా ఫోన్ మోగుతూనే ఉంది. "రేపే వచ్చి తవ్వండి" అని ఒకటే తొందర. ఇంకుడు బావి నిండాలంటే వాన పడాలి కదా సార్ అంటే ఒకాయన కోప్పడి పెట్టేశాడు. జూన్‌లో వాన పడింది. ఫోన్లు ఆగిపోయాయి.

అంతకు ముందు, 2022 సెప్టెంబరులో, ఇదే సర్జాపుర రోడ్డు, రింగు రోడ్డు మునిగితే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. మరుసటి ఏడాది వానలు మొహం చాటేశాయి, రాష్ట్రంలో 236 తాలూకాలుంటే 223 కరువు తాలూకాలని ప్రకటించారు. క్లైమేట్ అని మీరు ఇంగ్లీషులో అనేది మాకు ఇట్లా తెలుస్తుంది. ఒక ఏడు తవ్విన గోతిలో నీళ్ళు తోడి పని చేయాలి, ఇంకో ఏడు ఇరవై అడుగులు పోయినా మట్టి తడి తగలదు.

ఈ ఊరికి ఆనుకుని పెద్ద నది లేదు. కావేరి నీళ్ళు దాదాపు 100 కిలోమీటర్ల అవతల నుంచి, కింది నుంచి పైకి, కరెంటు పెట్టి ఎత్తుకు రావాలి. రోజుకు 145 కోట్ల లీటర్లు అట్లా వచ్చేవి. 2024 అక్టోబరులో ఐదో దశ మొదలై ఇంకో 77.5 కోట్ల లీటర్లు తోడయ్యాయి, ఊరి చుట్టూ కలిపిన 110 పల్లెల కోసమని. మంచిదే. మా వీధిలో మేమూ ఆ కొళాయి కోసమే కాచుకుని ఉన్నాం. కానీ నెత్తిన పడే నీళ్ళ సంగతి?

30/40 సైటు అంటే 1,200 చదరపు అడుగులు, చదరపు మీటర్లలో 111. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్ళు. గుణించి చూడండి, లక్ష లీటర్లు దాటుతుంది. ఆవిరైంది, చిందింది తీసేసినా ఒక చిన్న ఇంటి మిద్దె మీద ఏడాదికి ఆరేడు పెద్ద టాంకర్లు పడుతున్నాయన్నమాట. అవి ఇప్పుడు పైపులో దిగి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి మీ బేస్‌మెంట్‌లోకి పోతున్నాయి.

మేం తవ్వే ఇంకుడు బావి మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు. లోపల సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి పేరుస్తాం, మా అవ్వ వాటిని ఒరలు అంటుంది. రింగుకూ రింగుకూ మధ్య సిమెంటు పూయం, నీళ్ళు పక్కలకు ఇంకాలి కాబట్టి. అడుగున కాంక్రీటు వేయం. రింగు చుట్టూ కంకర పోస్తాం. వాన నీళ్ళు నేరుగా బావిలో పడకుండా ముందు ఒక తొట్టిలో పడి, చెత్తా బురదా అక్కడ ఆగాలి. ఒకసారి నిండితే నాలుగు వేల లీటర్లు. మంచి నేల అయితే తెల్లారేసరికి తాగేస్తుంది. మూడుసార్లు నిండి ఇంకిందంటే ఒక పెద్ద టాంకర్ నీళ్ళు భూమిలోకి పోయినట్టే.

అడుగున ఉన్నది రాయి. లాల్‌బాగ్ గుట్ట మీద వాకింగ్ చేస్తారే, ఆ జాతి రాయే, 300 కోట్ల ఏళ్ళ నాటిది. మీ బోరు ఆ రాతి చీలికల్లో వెయ్యి, పన్నెండు వందల అడుగుల కింద నీళ్ళు వెతుకుతుంది. బావి వెతికేది దాని పైన, ఎండకూ వానకూ రాయి చివికి మెత్తబడిన పొరలో. వాన ముందు తడిపేది ఈ పొరనే. వాన నీళ్ళ మీద పనిచేసే ఎస్. విశ్వనాథ్ గారు, బయోమ్ ట్రస్టు వాళ్ళు బెంగళూరుకు పది లక్షల బావులు అని ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నది ఈ పొర గురించే. ఆ ప్రచారం వల్ల మా పనికి మళ్ళీ గిరాకీ వచ్చింది, కాదనను. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావులను పూడిక తీసి బతికించిందీ మావాళ్ళ చేతులే.

అయితే మమ్మల్ని చేతుల కోసమే పిలుస్తున్నారు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. జరిగింది ఒకటి చెబుతాను.

ఒక పెద్ద అపార్ట్‌మెంట్. పేరు వద్దు. ఎనిమిది బావులకు డ్రాయింగ్ ఇచ్చారు. గేటు పక్కన ఉన్న మూడో బావి దగ్గర పన్నెండు అడుగులు దిగాక మా నాయన గునపం ఆపేశాడు. ఒక పిడికెడు మన్ను తట్టలో వేసి పైకి పంపాడు. నల్లగా, జిగటగా ఉంది. నాయన పైకి వచ్చి దాన్ని అరచేతిలో వేసి నలిపాడు, వేలితో తాడులాగా చుట్టాడు, వాసన చూశాడు. "ఇది చెరువు మన్ను సార్. ఒకప్పుడు ఇక్కడ నీళ్ళు నిలిచినాయి. ఇది నీళ్ళు పట్టుకుంటుందే గానీ తాగదు" అన్నాడు. పిల్లలు ఆడుకునే మూల చూపించి, "అక్కడ గరుసు మొరం ఉంది, మొన్న ఊయల గుంజ పాతినప్పుడు చూసినా. ఆడ తవ్వుదాం" అన్నాడు. ఇంజినీరు గారు మంచివాడే, విసుక్కోలేదు. "డ్రాయింగ్ అప్రూవ్ అయిపోయింది పెద్దాయనా, మార్చాలంటే మళ్ళీ కమిటీకి పోవాలి" అన్నాడు. తవ్వాం. మొదటి వానకు నిండిన నీళ్ళు పదకొండు రోజులు అట్లే నిలిచాయి, దోమలు పట్టాయి. కమిటీ వాట్సాప్ గ్రూపులో "వర్క్ క్వాలిటీ పూర్" అని పెట్టి, మాకు రావాల్సిన 22 వేలు ఆపేశారు. మరుసటి ఏడాది వేరే జట్టును పిలిచి ఊయల మూలలోనే బావి తవ్వించారు. అది బాగా ఇంకుతోందట. 22 వేలు ఇంకా రాలేదు.

ఆ పిడికెడు మన్ను చూసి చెప్పడం ఏ కోర్సులోనూ చేరి నేర్చుకున్నది కాదు. మా అబ్బ, అంటే తాత, దగ్గర మా నాయన నేర్చుకున్నాడు, మా అబ్బ వాళ్ళ నాయన దగ్గర.

ఈ మధ్య సదస్సుల్లో మూలవాసుల జ్ఞానం, వాళ్ళు నడిపే పరిష్కారాలు అని గట్టిగా వినబడుతోంది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో అడవులు కాచుకునే మూలవాసులకు, స్థానిక జనాలకు 170 కోట్ల డాలర్లు ఇస్తామని మాటిచ్చారు. మేం అడవి బిడ్డలం కాదు, పని ఉన్న ఊరికల్లా గాడిదల మీద సామాను వేసుకుని తిరిగినవాళ్ళం. ఆ డబ్బులో వాటా అడగడం లేదు. మన రాష్ట్రంలోనే బిళిగిరి రంగన కొండల్లో సోలిగలున్నారు. ఎండాకాలం ముదరకముందే రాలిన ఆకుకు చిన్న మంట పెట్టుకునేవాళ్ళం, అది ఆపించాక లంటానా పొద కొండంతా కమ్మేసింది అని వాళ్ళు ఎన్నో ఏళ్ళు చెబుతూ వచ్చారు. 2011లో పులుల అడవి లోపలే వాళ్ళకు సామూహిక అటవీ హక్కులు దక్కాయి. పక్కన బతికినవాడికి కొన్ని సంగతులు తెలుస్తాయని సర్కారు ఒప్పుకున్నట్టే కదా. మట్టి విషయంలో అదే మాట మా గురించీ ఒప్పుకోండి అంటున్నాం.

గొప్పలు చెప్పుకోవడం లేదు. బావులతో అన్నీ తీరవు. ఇంకుడు బావులు వందల్లో తవ్వించుకున్న లేఅవుట్ కూడా 2022లో మునిగింది, ఎందుకంటే నీళ్ళు పోవాల్సిన రాజకాలువే ముందుకు పోలేక వెనక్కి తన్నింది. మా వాళ్ళలోనూ లోతు తగ్గించి రింగులు దాచేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ వల్ల మాకూ చెడ్డపేరు.

ఇక మేం అడిగేవి.

1. బావి ఎక్కడ అన్నది తేలకముందే తవ్వేవాడిని పిలవండి. డ్రాయింగ్ గీసే రోజే అపార్ట్‌మెంట్ అంతా ఒకసారి తిరగనివ్వండి. చేయి వెడల్పు గొయ్యి నాలుగు చోట్ల తవ్వి చూస్తే చాలు, ఏ మూల తాగుతుందో, ఏ మూల తాగదో చెప్పేస్తాం. ఇది ఉత్త మాటగా కాకుండా, స్థలం చూసిన బావి పనివాడి పేరు, సంతకం డ్రాయింగ్ కాగితం మీదే ఉండాలి. వేలిముద్ర అయినా సరే. తవ్వుతుండగా కింద మన్ను మారితే స్థలం మార్చుకునే వీలు ఆ కాగితంలోనే రాయండి. మా మాట కాదని తవ్విస్తే, నీళ్ళు ఇంకకపోతే, ఆ తప్పు మా బిల్లులో కోయకండి.

2. తవ్విన పదిహేను రోజుల్లో డబ్బులు. వాన పడి చూశాక ఇస్తాం అంటే నవంబరులో తవ్విన బావికి మేం జూన్ దాకా ఆగాలి. మీ జీతం అట్లా ఆపితే ఊరుకుంటారా? ఆపిన డబ్బు మా ఇంట్లో ఎక్కడ తగులుతుందో చెబుతాను. మా చిన్నాయన కొడుకు ఈ ఏడు పని మానేసి డెలివరీ బండి ఎక్కాడు. వాడికి ఇరవై మూడేళ్ళు, జట్టులో అందరికన్నా బాగా గోడ నిలువుగా దించేవాడు. వారం వారం డబ్బులు పడతాయక్కా, అన్నాడు. నేనేం చెప్పగలను.

3. మమ్మల్ని మురుగులో దింపకండి. "బావుల్లో దిగేవాళ్ళే కదా, ఆ ఎస్టీపీ (మురుగునీళ్ళు శుద్ధి చేసే) ట్యాంకు కూడా కాస్త చూడండి, ఎక్స్‌ట్రా ఇస్తాం" అని అడగని అపార్ట్‌మెంట్ తక్కువ. చదువుకున్నవాళ్ళు, కారులో సీటుబెల్టు లేకపోతే పిల్లల్ని కూర్చోబెట్టనివాళ్ళు ఈ మాట అంటారు. మా అబ్బ కాలంలో పాత బావిలోకి ముందు దీపం దించేవాళ్ళు, దీపం ఆరితే దిగేవాళ్ళు కాదు. మురుగు గ్యాసు దగ్గర ఆ దీపం పని చేయదు. దీపం వెలుగుతుండగానే మనిషి పడిపోతాడు, పైగా మంటంటుకునే గ్యాసు ఉంటే అదొక గండం. మా పెద్దల తెలివి అక్కడికి చాలదు, ఆ సంగతి మాకు తెలుసు, మీకూ తెలియాలి. మనుషులను రక్షణ లేకుండా మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు పనిలో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మాకు ఆ 30 లక్షలు వద్దు, నాయన కావాలి. పాత బావి పూడిక తీయించేటప్పుడు, పక్కన మురుగు పైపు పగిలిందా లేదా ముందు చూసి చెప్పండి. గాలి ఊదే బ్లోవర్, గ్యాస్ చూసే మీటరు, నడుముకు కట్టే బెల్టు, హెల్మెట్ మీ ఖర్చు మీదే తెప్పించండి. ఒక జట్టుకు కొనిస్తే ఎన్నో అపార్ట్‌మెంట్లకు పనికొస్తాయి. పని జరిగినన్ని రోజులకు ఇన్సూరెన్స్ చేయించండి.

4. చూపించడానికి తవ్వే గుంతలు ఆపండి. వాన నీటి ఏర్పాటు ఉండాలని 2009 నుంచి చట్టం ఉంది. లేకపోతే నీళ్ళ బిల్లులో జరిమానా పడుతుంది. ఆ జరిమానా తప్పించుకోవడానికి ఐదడుగుల గుంతలో ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి, పైన కంకర పోసి, ఫోటో తీసి పంపేవాళ్ళను ఎంతమందిని చూశామో. అధికారులకు ఒకటే విన్నపం. ఎండలో వచ్చి ఫోటో చూసి పోవద్దు. వాన పడిన మరునాడు పొద్దున రండి.

5. పాత బావిని పూడ్చే ముందు పదిహేను రోజులు నోటీసు పెట్టండి. ఈ ఊర్లో ఇంకా వేల బావులు మూతల కింద, కారు పార్కింగుల కింద ఉన్నాయి. ఇల్లు కూల్చిన ఇటుక ముక్కలు వాటిలో పోసేస్తున్నారు. అట్లా పోసినది మళ్ళీ తీయాలంటే కొత్త బావికన్నా ఎక్కువ ఖర్చు.

6. చెరువు పూడిక పనిలో నీరుగంటినీ, మమ్మల్నీ కూర్చోబెట్టండి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ కాలువకు ఎంత వదలాలో తెలిసిన నీరుగంటులు కోలారు వైపు ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఇక్కడ చెరువుల పనికి మెషీన్లు వస్తాయి, గిన్నెలాగా లోతుగా చెక్కేస్తాయి, చుట్టూ వాకింగ్ ట్రాక్ వేస్తాయి. నీళ్ళు వచ్చే దారి మూసుకుపోతుంది. అడుగున జిగటమన్ను పొర ఎంత వరకు తీయాలో, ఎక్కడ ఆపాలో మెషీన్ నడిపే పిల్లోడికి ఎవరు చెబుతారు? ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండు అయింది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది, కరగ ఉత్సవం కోసం ఒక చిన్న గుంట మాత్రం మిగిల్చారు. దేవుడికైనా కాసిని నీళ్ళు మిగిలాయి, అదే సంతోషం. మిగిలిన చెరువులనైనా తెలిసినవాళ్ళను అడిగి ముట్టుకోండి.

7. ఏడాదికి ఒకసారి పూడిక. బావి తవ్వి వదిలేస్తే నాలుగేళ్ళలో బురద నిండి మూసుకుపోతుంది. ఏప్రిల్‌లో తొట్టి కడిగి, అడుగు బురద తీయించండి. లిఫ్ట్‌కు ఏడాది కాంట్రాక్టు ఉన్నట్టే దీనికీ పెట్టండి. మాకు వాన లేని నెలల్లో కూలి దొరుకుతుంది, మీకు వానాకాలంలో బావి పనిచేస్తుంది.

అధికారులు 1, 3, 4 మీద ఒక సర్క్యులర్ తీయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఖర్చూ లేదు. వచ్చే జూన్ వానలకు ముందు, మే 31 లోపల, అవునో కాదో జవాబు రాయండి. కన్నడంలో అయినా సరే, తెలుగులో అయినా సరే. సంఘాల వాళ్ళు అంత దాకా ఆగే పని లేదు, వచ్చే ఆదివారం కమిటీ మీటింగులో 2వ పాయింటు చదివి ఓటు వేస్తే అయిపోతుంది. పాత బాకీలున్నవాళ్ళకు విడిగా చెప్పనక్కర్లేదు, నా నంబరు మీ ఫోన్లలో ఉంది.

స్థలం చూసి మన్ను సంగతి చెప్పడానికి మా నాయన డబ్బులు తీసుకోడు. ఏ రోజు పిలిచినా వస్తాడు, ఒక్క శనివారం తప్ప. ఆ రోజు బండి నాకు కావాలి, బాకీల కోసం తిరగాలి.

ఇట్లు,
ఒక బావి పనివాడి కూతురు
సర్జాపుర రోడ్డు, బెంగళూరు